హెలికాప్టర్ బెండుకు దండం

దేవుణ్ణి పొగుడుతూనే నిలదీసే విద్య మన భక్తులకు పాతది. మడుగులో మొసలి పట్టిన ఏనుగు పిలిస్తే ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చిన స్వామీ, నా పిలుపు నీకెందుకు వినబడదని అడిగినవాడి నోట పొగడ్తా నిజమే, నిందా నిజమే. ఉద్దానం ఒడ్డున నిలబడి నేను ఆ రీతిలో పొగడదలచుకున్నది ఒక సంచిని. సముద్రం మీద తిరిగే హెలికాప్టర్ పొట్టకు ఇరుపక్కలా, లేదా కింది కాళ్ళ వెంబడి, మడిచి కట్టి ఉండే సంచి. యంత్రం నీళ్ళలో దిగవలసివస్తే కొద్ది సెకన్లలో ఉబ్బి దాన్ని పైకి పట్టుకునే సంచి. పైలట్లు దాన్ని ఫ్లోటు అంటారు, పత్రికల్లో ఫ్లోటర్లు అని వస్తుంది. బారువలోనో భావనపాడులోనో వల పేనే మనిషికైతే హెలికాప్టర్‌కు కట్టిన బెండు అంటే చాలు, ఇక వివరించనక్కర్లేదు.

ఫ్లోటూ, నీలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది నీ పుట్టుకలోని నిజాయితీ. నిన్ను తయారుచేయాలంటే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ యంత్రం ఏదో ఒక రోజు నీళ్ళలో పడవచ్చు అన్న మాట. కోట్ల ఖరీదైన యంత్రం, రెండేసి ఇంజన్లున్న యంత్రం, ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన పైలట్ చేతిలో ఉన్న యంత్రం. అయినా దాన్ని చేసినవాళ్ళూ కొన్నవాళ్ళూ నడిపేవాళ్ళూ ఆ మాట ఒప్పుకున్నారు. నా నేర్పును శంకిస్తారా అని ఏ పైలటూ అలగలేదు. పడితే ఏం చేయాలో పడకముందే ఆలోచించి పెట్టారు. ఒడ్డున పడవ బోల్తాపడిన రోజున మా ఊళ్ళలో వినబడే మాటలు వేరు. గంగమ్మ తల్లి తీసుకుపోయింది అంటారు. కెరటం పెద్దది అంటారు. ఈత వచ్చినవాడే కదా, ఎలా పోయాడో అంటారు. ఏడుస్తూ అనే ఆ మాటల్ని నేను తప్పుపట్టను. కానీ కార్యాలయంలో కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూడా అవే మాటలు అంటే మాత్రం, ఫ్లోటూ, నిన్ను చూపించి అడుగుతాను.

నీ పనితనం చెప్పుకోదగ్గది. హెలికాప్టర్‌కు బరువంతా నెత్తిమీదే ఉంటుంది. ఇంజన్లు, గేరు పెట్టె, రెక్కలు అన్నీ పైనే. నీళ్ళ మీద దాన్ని వదిలేస్తే తిరగబడడమే దాని స్వభావం. తిరగబడితే లోపల మనిషి తలకిందులవుతాడు. బెల్టు బిగిసి ఉంటుంది, కళ్ళ ముందు చీకటి, ముక్కులో ఉప్పునీరు. దెబ్బలు తగలకుండా దిగినవాళ్ళు కూడా ఆ కొద్ది క్షణాల్లో మునిగి చనిపోయిన ప్రమాదాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అందుకే నిన్ను రబ్బరు పూత పట్టించిన గట్టి నైలాను గుడ్డతో కుట్టారు. ఒకచోట చిల్లుపడినా మిగతాది నిలిచేట్టు లోపల అరలు పెట్టారు. పక్కనే ఒత్తిడితో నింపిన హీలియం సిలిండరో నత్రజని సిలిండరో ఉంటుంది. నీటి మీదికి రాగానే పైలట్ ఒక స్విచ్ వేసి నిన్ను సిద్ధం చేస్తాడు. అవసరం పడిన క్షణాన చేతి కింది మీట నొక్కితే గాలి దూసుకొచ్చి నువ్వు విచ్చుకుంటావు. పైలట్‌కు చేయి ఆడకపోతే నీరు తగలగానే తనంత తాను పనిచేసే ఏర్పాటు కూడా కొన్నింటికి ఉంది. గడువు రాగానే నిన్ను విప్పి గాలి నింపి చూస్తారు, సిలిండర్‌ను పరీక్షిస్తారు, తేదీ వేసి మళ్ళీ మడుస్తారు. ఏళ్ళకేళ్ళు నువ్వు నీళ్ళ మీద ఒక్కసారీ విచ్చుకోకుండానే గడిచిపోవచ్చు. అయినా నీ కోసం ఖర్చు దండగ అని ఎవరూ అనలేదు.

ఇంతకీ నువ్వు ప్రాణం పోసేదానివి కావు. నువ్వు ఇచ్చేది సమయం. తలుపు తీసుకుని, తెప్పలోకి దిగి, ఎవరో వచ్చేదాకా ఆగడానికి కావలసిన సమయం.

నీ గురించి రాసిన నియమం కూడా నాకు ఇష్టం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం, ఒక ఇంజను ఆగినా ఎగరగలిగే తరగతి హెలికాప్టర్ మామూలు వేగంతో ఒడ్డు చేరడానికి పది నిమిషాలకు మించి పట్టేంత దూరం నీటి మీదికి వెళితే నువ్వు ఉండి తీరాలి. ఇంజను ఆగితే నేలదాకా జారుకుంటూ రాలేని చిన్న హెలికాప్టర్‌కైతే ఆ పది నిమిషాల వెసులుబాటు కూడా లేదు. గంటకు 240 కిలోమీటర్ల వేగం అనుకుంటే పది నిమిషాలు అంటే 40 కిలోమీటర్లు. అదే దూరం నుంచి ఔట్‌బోర్డ్ ఇంజను పెట్టుకున్న ఫైబర్ పడవ ఒడ్డుకు రావడానికి మూడు గంటలు పడుతుంది, గాలి ఎదురైతే ఇంకా ఎక్కువ. పది నిమిషాల్లో నేల చేరగలవాడికి ఏం కావాలో నియమం అంత సూక్ష్మంగా లెక్కకట్టింది. మూడు గంటల దూరంలో ఉన్నవాడికి ఏం కావాలి? నీ నియమం చదివిన ప్రతిసారీ నాకు ఈ ప్రశ్నే వస్తుంది.

ఉద్దానం పేరు వినగానే పైవాళ్ళకు కొబ్బరితోటలు, జీడిమామిడి, పలాస జీడిపప్పు, ఆ తర్వాత కిడ్నీ జబ్బు గుర్తుకొస్తాయి. ఆ తోటల అంచున ఇసుక మీద బతికే ఊళ్ళు గుర్తుకురావడం తక్కువ. ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు, సోంపేట దగ్గర బారువ, వజ్రపుకొత్తూరు మండలంలో నువ్వలరేవు, మంచినీళ్ళపేట, సంతబొమ్మాళి వైపు భావనపాడు. ఇక్కడ పడవను నీళ్ళలోకి దించడమే ఒక గండం. పడవ నేరుగా ఇసుక మీద నుంచి విరుచుకుపడే కెరటాల్లోకి పోవాలి. నలుగురో ఐదుగురో భుజాలు ఆనించి తోస్తారు, రెండు కెరటాల మధ్య సందు చూసి ఎక్కుతారు, ఇంజను అందుకునేలోపు మూడో కెరటం అడ్డంగా కొడితే పడవ తిరగబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మరీ ప్రమాదం. అప్పుడు పడవలో చేపల బరువు ఉంటుంది, ఒళ్ళు అలసి ఉంటుంది, కెరటం వెనక నుంచి లేపుతుంది. ఒడ్డున ఉన్న పెళ్ళాం పిల్లలకు కేక వినబడేంత దగ్గర్లో మనిషి పోతాడు. పడవ అంచు తలకు తగిలి స్పృహ తప్పినవాడికి ఈత వచ్చినా రాకపోయినా ఒకటే. ఒంటిని పైకి పట్టుకునేది ఏదైనా ఉంటేనే వాడు బతుకుతాడు.

ఈ తీరంలో సరైన జెట్టీలూ హార్బర్లూ ఏర్పడకపోవడం వల్లా, చేపల దిగుబడి చాలకా మగవాళ్ళు గుజరాత్ వెరావల్ దాకా పోయి పరాయి బోట్లలో కూలికి వేటచేస్తారు. 2018 నవంబర్‌లో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇళ్ళకు చేరారు. అప్పుడు దేశమంతా వాళ్ళ పేర్లు చదివింది. ఇంటి ముందున్న కెరటాల్లో పోయినవాడి పేరు మాత్రం జిల్లా పేజీ దాటదు.

ఫ్లోటూ, నిన్ను నమ్మి దిగినవాళ్ళ కథలు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే నీ మీద నా నింద అక్కడే మొదలవుతుంది. 2022 జూన్ 28న ముంబై హై చమురు క్షేత్రంలో ఓఎన్‌జీసీ సాగర్ కిరణ్ రిగ్గుకు వెళుతున్న పవన్‌హంస్ సికోర్స్కీ ఎస్-76డి, రిగ్గు దగ్గర్లోనే సముద్రంలో దిగింది. అందులో 9 మంది ఉన్నారు. ఫ్లోట్లు విచ్చుకున్నాయి, ఐదుగురు బతికారు, నలుగురు బతకలేదు. నిండు బరువుతో ఐదు టన్నులు దాటే యంత్రం అది, మొసలి పట్టిన ఏనుగంత. 2023 మార్చి 8న నౌకాదళం ధ్రువ్ హెలికాప్టర్ ముంబై తీరం దగ్గర నీళ్ళలో దిగినప్పుడు మాత్రం నీ పనికి వంక పెట్టడానికి లేదు. సిబ్బంది నిన్ను విప్పారు, ముగ్గురికి ముగ్గురూ క్షేమంగా వచ్చారు. నువ్వు చేయగలిగింది ఇంత అని ఆ రోజు తెలిసింది.

చేయలేనిదీ తెలిసింది, వేరే చోట్ల. 2018 మార్చి 11న న్యూయార్క్ ఈస్ట్ రివర్‌లో విహారానికి తిరిగే హెలికాప్టర్ దిగినప్పుడు నువ్వు రెండువైపులా సమానంగా నిండలేదు. యంత్రం ఒరిగి తిరగబడింది. ఫోటోల కోసం తలుపులు తీసి, ప్రయాణికుల్ని వెనక నుంచి తాళ్ళతో కట్టారు. ఐదుగురు ఆ తాళ్ళలోనే మునిగిపోయారు. పైలట్ ఒక్కడే బయటపడ్డాడు. 2013 ఆగస్టు 23న స్కాట్లాండ్ ఉత్తర కొసన సంబరా దగ్గర సూపర్ ప్యూమా హెలికాప్టర్ పడినప్పుడు నువ్వు విచ్చుకున్నావు, అయినా అది తిరగబడింది. బోర్లాపడిన శరీరాన్ని నువ్వు నీటి మీదే పట్టుకున్నావు, నలుగురు చనిపోయారు. నువ్వు పైలట్ అదుపులో ఉండి నీటి మీద దిగే యంత్రానికి బెండువి. గుద్దుకుని కూలే యంత్రానికి నువ్వు పెద్దగా చేయగలిగింది లేదు. మన లోక్‌సభ స్పీకర్ బాలయోగి ప్రయాణించిన హెలికాప్టర్ 2002 మార్చి 3న కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలింది. అలాంటి చావుకు నిన్ను నిలదీయడం న్యాయం కాదు.

కానీ నువ్వు ఓడిన ప్రతిసారీ ఏం జరిగిందో చూడు. న్యూయార్క్ ప్రమాదాన్ని అమెరికా రవాణా భద్రతా బోర్డు విప్పి చూసింది, ఒకవైపు ఎందుకు నిండలేదో, తాళ్ళు ఎలా కట్టారో, ఇంధనం ఆపే మీట ఎలా లాగబడిందో రాసి అందరి ముందూ పెట్టింది. సంబరా తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే, 2014 ఫిబ్రవరిలో, బ్రిటన్ విమానయాన అధికారులు సముద్రం మీద హెలికాప్టర్ ప్రయాణాలన్నిటినీ తిరగదోడి నివేదిక ఇచ్చారు. అలలు ఆరు మీటర్లు దాటే స్థితిలో ఎగరకూడదన్నారు. నీటి అడుగున కాసేపు ఊపిరి అందించే పరికరం ప్రయాణికులకు ఇవ్వాలన్నారు, అది ఇచ్చేదాకా తోసుకుని బయటపడగల కిటికీ పక్కనే కూర్చోబెట్టాలన్నారు. తిరగబడినా లోపల గాలి మిగిలేట్టు నిన్ను శరీరం పైభాగాన కూడా అమర్చవచ్చునేమోనని అక్కడి పరిశోధకులు చాన్నాళ్ళుగా కొలుస్తూనే ఉన్నారు. నలుగురు చనిపోతే ఒక పరిశ్రమ మొత్తం అలా కదిలింది. నీ ఓటమికి దక్కిన ఈ మర్యాద చూసి నాకు కడుపు మండుతుంది, దాచుకోను. మా కెరటాల్లో బోల్తాపడిన పడవ గురించి, కెరటం ఎటునుంచి కొట్టింది, పడవలో బరువెంత, ఒంటి మీద ఏముంది, ఎంతసేపు నీళ్ళలో ఉన్నాడు అని రాసిన అలాంటి నివేదిక ఒక్కటి చదవాలని ఉంది. ఇక్కడ ఫైలు పంచనామాతో మొదలై పరిహారంతో మూతపడుతుంది. 2019 తర్వాత వేటలో చనిపోయిన మత్స్యకారుడి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆ డబ్బు ఆ ఇంటికి అవసరమే, అది పెరగడం మంచిదే. మనిషి బతికుండగా వాడి ఒంటికి తొడగవలసిన జాకెట్ మాత్రం కొన్ని వేల రూపాయలతో అయిపోయే పని.

జాకెట్లు ఇస్తే వేసుకోరండీ అనే మాట నేను విన్నాను, మీరూ విని ఉంటారు. అది సగమే నిజం. దళసరి ఫోమ్ జాకెట్ వేసుకుని వల లాగడం కష్టం, ఉక్కపోత, చేతులు ఆడవు, వల దానికి తగులుకుంటుంది. ఫ్లోటూ, ఇక్కడ నీ పొగడ్తే నాకు ఆధారం. నిన్ను ఎప్పుడూ ఉబ్బించి ఉంచితే హెలికాప్టర్ కూడా సరిగ్గా ఎగరలేదు, గాలికి అడ్డమవుతావు. ఫ్లోట్లు పెడితే ఎగరలేం అని పైలట్లు అంటే, అయితే మానేయండి అని ఎవరూ వదిలేయలేదు. నిన్ను మడిచారు. పని జరిగేటప్పుడు అడ్డురాకుండా, అవసరమైనప్పుడే విచ్చుకునేట్టు చేశారు. అదే ఉపాయంతో మనిషికి కూడా జాకెట్లు ఉన్నాయి. మెడ చుట్టూ సన్నని పట్టీలా ఉండి, తాడు లాగితేనో నీరు తగిలితేనో చిన్న గ్యాస్ సిలిండర్‌తో ఉబ్బేవి. బ్రిటన్‌లో 2018 నవంబర్ నుంచి, నీళ్ళలో పడే ప్రమాదం లేదని నిరూపిస్తే తప్ప, చేపల బోటు డెక్కు మీద పనిచేసేవాళ్ళకు తేలే జాకెట్ తప్పనిసరి. పనిచేసే ఒంటికి సరిపోయే వస్తువు ఇచ్చాకే వాళ్ళు వేసుకోవడం లేదని అనాలి. ఉక్కపోతకు, వల పనికి, కెరటం దాటే ఆ కొద్ది నిమిషాలకు తగినట్టు దాన్ని మా తీరంలో, మా మనుషుల ఒంటి మీద పరీక్షించాలి. నిన్ను కొలనుల్లో, అలల తొట్టెల్లో ఎన్నిసార్లు పరీక్షించారో!

తుపాను విషయంలో మనం ఆ ఒప్పుకోలు నేర్చుకున్నామని నేను కృతజ్ఞతగా చెప్పాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలితో పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలాయి, తరాల సంపాదన ఒక్క తెల్లవారుజామున పోయింది. అయినా తుపాను వస్తుందని ముందే ఒప్పుకుని హెచ్చరికలూ షెల్టర్లూ ఏర్పాటు చేసుకున్నందువల్ల గాలికి పోవలసిన ప్రాణాలు ఎన్నో నిలిచాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు కూడా ముందే చెబుతోంది. మిగిలింది మామూలు రోజు. ఎండ కాస్తుండగా, ఏ హెచ్చరికా లేని ఉదయాన, కెరటం అడ్డంగా కొట్టే రోజు. ఆ రోజు కోసం మనం ఇంకా ఏమీ ఒప్పుకోలేదు.

తప్పిపోయిన పడవ కోసం వెతకడానికి వచ్చే హెలికాప్టర్ విశాఖ నుంచి రావాలి. పలాసకు అది 150 కిలోమీటర్లకు పైనే. కబురు అందాలి, ఆజ్ఞ రావాలి, లేచాక కూడా ముప్పావుగంటో గంటో ఎగరాలి. ఆ వచ్చేవాళ్ళ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. 2024 సెప్టెంబర్ 2 రాత్రి గుజరాత్ పోర్‌బందర్ దగ్గర ఒక ట్యాంకర్ మీది రోగిని తీసుకురావడానికి వెళ్ళిన కోస్ట్‌గార్డ్ ధ్రువ్ సముద్రంలో పడింది. నలుగురిలో ఒక్కరే ప్రాణాలతో దొరికారు. ఇతరుల కోసం వెళ్ళి ముగ్గురు పోయారు. కాపాడేవాడికీ బెండు ఉండాలి, కాదనేవాడు మనిషి కాడు. కాపాడేవాడు వచ్చేదాకా నీళ్ళలో ఉండవలసినవాడికి కూడా ఆ గంటసేపు ఒంటిని పట్టుకునేది ఒకటి కావాలి.

ఇప్పుడు ఈ స్తుతిని మా జిల్లాకే, టెక్కలి దగ్గరి నిమ్మాడకు తీసుకుపోతాను. 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి ఆ ఊరి కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఏ హెలికాప్టర్ ఎంత దూరం పోతే ఫ్లోటు ఉండాలో చూసే డీజీసీఏ ఆయన శాఖ కిందిదే. అదే నెల నుంచి రాష్ట్రంలో మత్స్యశాఖ చూస్తున్నది ఆయన బాబాయి, టెక్కలి శాసనసభ్యుడు కింజరాపు అచ్చెన్నాయుడు. హెలికాప్టర్ బెండూ, పడవ మీది మనిషికి కావలసిన బెండూ ఒకే ఇంటి గుమ్మం దగ్గర కలిశాయి. ఇలాంటి అవకాశం ఏ తీరానికీ దొరకదు. అయ్యా రామ్మోహన్ నాయుడు గారూ, మీ శాఖ ఫ్లోటు గురించి అడిగే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి మీ బాబాయి గారికి ఇవ్వండి. ఎన్ని ఉన్నాయి, ఎవరు పరీక్షించారు, ఎప్పుడు పరీక్షించారు, గడువు ఎప్పుడు, ఒక్కటి లేకపోయినా ప్రయాణం ఆపేది ఎవరు. అచ్చెన్నాయుడు గారూ, ఆ కాగితాన్ని డొంకూరు నుంచి భావనపాడు దాకా, ఆ కింది కళింగపట్నం, బుడగట్లపాలెం దాకా ప్రతి ఊరి ఒడ్డుకూ పట్టుకెళ్ళండి. వేట విరామం డబ్బును 20 వేల రూపాయలకు పెంచి 2025 ఏప్రిల్‌లో బుడగట్లపాలెంలోనే పంపిణీ మొదలుపెట్టారు. ఆ డబ్బు అందే రోజుల్లోనే ఈ పనికి వీలు కూడా ఉంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పి చూసుకుంటారు, పడవలకు రంగులు వేస్తారు. హెలికాప్టర్‌ను షెడ్డులో పెట్టి ఫ్లోటు విప్పి చూసినట్టు, ఆ రెండు నెలల్లో ప్రతి పడవ దగ్గరా మనిషికొక జాకెట్ లెక్కన చూడవచ్చు, ఉబ్బించి చూడవచ్చు, తేదీ వేయవచ్చు. కెరటాల్లో పడవ తిరగబడితే జాకెట్‌తో ఎలా బయటపడాలో కుర్రాళ్ళకు లోతులేని నీళ్ళలో నేర్పవచ్చు. రిగ్గులకు వెళ్ళే ఉద్యోగులకు తలకిందులైన క్యాబిన్‌లోంచి బయటపడడం కొలనులో నేర్పుతారు కదా, అలాగే. జూన్ 14 అర్ధరాత్రికి ముందు ప్రతి ఊళ్ళో ఆ లెక్క మత్స్యశాఖ అధికారి సంతకంతో గోడకు అంటించి ఉండాలి.